నెటిల్ నూనె: కొనేముందు ఎలా గుర్తుపట్టాలి, ఇంట్లో ఎలా కాచుకోవాలి

అమ్మ మోకాళ్ళ నొప్పుల కోసం ఆన్‌లైన్‌లో ఒక చిన్న సీసా తెప్పించాను. లేబుల్ మీద నెటిల్ ఎసెన్షియల్ ఆయిల్, వంద శాతం స్వచ్ఛం అని ఉంది. మూత తీస్తే ముదురు ఆకుపచ్చ రంగు, ఎండుగడ్డి వాసన, వేళ్ళ మధ్య రుద్దితే జిడ్డు. పది మిల్లీలీటర్లకు తొమ్మిది వందల రూపాయలు. ఆ డబ్బు గురించి కన్నా, ఆ సీసా చూసి అమ్మ పెట్టుకున్న ఆశ గురించే నాకు ఎక్కువ బాధ. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు మోకాళ్ళకనో, జుట్టుకనో ఈ నూనె గురించి అడిగే ఉంటారు. కొనేముందు ఏం చూడాలో, ఇంట్లో చేసుకోవాలంటే ఎలాగో, దాని నుంచి నిజంగా ఎంత ఆశించవచ్చో నాకు తెలిసింది చెబుతాను.

మా వారి ఉద్యోగం వల్ల ఆరేళ్ళుగా డెహ్రాడూన్‌లో ఉంటున్నాం. ఇక్కడి నుంచి కొండ ఎక్కితే దారి పక్కన, పశువుల పాకల వెనక, నీటి చెలమల దగ్గర నెటిల్ అనే ఈ కుట్టే మొక్క గుబురుగా పెరుగుతుంది. ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ ప్రాంతంలో దాన్ని కండాలీ అంటారు, కుమావూఁలో సిసూణ్, నేపాల్‌లో సిస్ను. హిందీలో బిచ్ఛూ ఘాస్, అంటే తేలు గడ్డి. తాకితే ఆ పేరు ఎందుకొచ్చిందో వెంటనే తెలుస్తుంది. ఒకసారి ఫోటో తీయడానికి వంగినప్పుడు నా మణికట్టుకు ఆకు అంచు తగిలింది. చీమ కుట్టినట్టు మొదలై, నిమిషంలో తెల్లటి దద్దుర్లు లేచాయి. సాయంత్రం దాకా చెయ్యి జివ్వుమంటూనే ఉంది.

ముందు మొక్క సరైనదో కాదో తేల్చుకోండి

మన తెలుగువాళ్ళు దీని గురించి చదవగానే దూలగొండి అనుకుంటారు. కొందరు దురదగొండి అనుకుంటారు. రెండూ వేరే మొక్కలు. దూలగొండి చిక్కుడు జాతి తీగ. దాని కాయల మీది నూగు దురద పెడుతుంది. దురదగొండి ఆముదం కుటుంబానికి చెందిన సన్నని తీగ. మనం మాట్లాడుకుంటున్న నెటిల్ శాస్త్రీయ నామం ఉర్టికా డయోయికా. చల్లటి ప్రాంతాల మొక్క. హిమాలయాల్లో, యూరప్‌లో పెరుగుతుంది తప్ప మన మైదానాల్లో కనిపించదు. నీలగిరుల్లో నీలగిరి నెటిల్ అనే బంధువు ఒకటి ఉంది కానీ అదీ వేరే మొక్కే. కాబట్టి ఊళ్ళో చేను గట్టున దురద పెట్టే ఆకు కనిపించిందని కోసుకొచ్చి నూనె కాచకండి. ఇంటర్నెట్‌లో నెటిల్ గురించి చదివిన గుణాలేవీ ఆ మొక్కకు వర్తించవు.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఉర్టికా డయోయికా అన్న పేరు, ఆకో వేరో గింజో అన్న వివరం ఉందా చూడండి. వాడే భాగాన్ని బట్టి పని మారిపోతుంది. అది తర్వాత చెబుతాను.

సీసాను ఇంట్లోనే పరీక్షించండి

నెటిల్ పేరుతో మార్కెట్లో మూడు రకాల నూనెలు అమ్ముతున్నారు. మూడింటికీ ఒకే పేరు పెట్టడంతోనే గందరగోళం వస్తోంది.

మొదటిది అసలైన ఎసెన్షియల్ ఆయిల్. ఆకులోంచి ఆవిరి పంపి, ఆ ఆవిరిని చల్లబరిచి, పైకి తేలిన నూనెను తీస్తారు. పుదీనా, తులసి, యూకలిప్టస్‌లకు ఆకు నిండా సువాసన నూనె ఉంటుంది కాబట్టి వాటి నుంచి ఇలా తీయడం గిట్టుబాటవుతుంది. నెటిల్ ఆకును నలిపి చూస్తే (ఎండిన ఆకునే సుమా) ఎండుగడ్డి వాసన తప్ప సువాసనేమీ రాదు. ఆవిరికి లేచే నూనె అందులో అంత స్వల్పంగా ఉంటుంది. గులాబీ నూనె కిలో కావాలంటే 3 నుంచి 5 టన్నుల పూలు పడతాయి, అందుకే దాని ధర అలా ఉంటుంది. నెటిల్ కూడా అలాంటి పిసినారి మొక్కే. అసలు నెటిల్ ఎసెన్షియల్ ఆయిల్ తక్కువ ధరకు దొరికే అవకాశం లేదు.

రెండోది కాచిన నూనె. నువ్వుల నూనెలోనో, పొద్దుతిరుగుడు నూనెలోనో ఎండుటాకు నానబెట్టి, కాచి వడకట్టినది. నాకు వచ్చిన సీసాలో ఉన్నది ఇదే. ఇది చెడ్డదేమీ కాదు, కాకపోతే ఇంట్లో చాలా తక్కువ ఖర్చులో అయిపోతుంది. మూడోది గింజల నూనె. గానుగ పట్టినట్టు గింజల్ని పిండి తీస్తారు. లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఎక్కువగా ఉండే ఈ నూనెను ఒంటికి రాసుకునే క్రీముల్లో వాడతారు.

మీ చేతిలో ఉన్నది ఏదో తెలుసుకోవడానికి మొదట రంగు చూడండి. ఆకుకు పచ్చదనం ఇచ్చే క్లోరోఫిల్ ఆవిరితో పాటు లేవదు, పాత్రలోనే ఉండిపోతుంది. కాబట్టి చిక్కటి ఆకుపచ్చగా ఉన్న నూనె ఆవిరి పట్టి తీసింది కాదు. తర్వాత ఒక తెల్ల కాగితం మీద ఒక్క చుక్క వేసి, ఫ్యాన్ గాలికి దూరంగా రాత్రంతా ఉంచండి. ఎసెన్షియల్ ఆయిల్ అయితే చాలావరకు ఆరిపోతుంది, మరక ఉన్నా చాలా పల్చగా ఉంటుంది. బజ్జీలు పెట్టిన కాగితంలా అవతలి వైపు కనిపించే జిడ్డు మచ్చ మిగిలితే అందులో ఉన్నది వంటనూనె లాంటి మూల నూనె. చివరగా లేబుల్ వెనక చిన్న అక్షరాలు చదవండి. హెలియాంథస్ అంటే పొద్దుతిరుగుడు, సెసామమ్ అంటే నువ్వులు. ఆ పేర్లు ముందు ఉండి ఉర్టికా తర్వాత ఉందంటే మీకు అర్థమైపోతుంది. మల్లెలా, నిమ్మలా ఘుమఘుమలాడుతుంటే సెంటు కలిపారని లెక్క.

ఆ ఎసెన్షియల్ ఆయిల్‌లో ఏముంది?

టర్కీ పరిశోధకులు ఈ నూనెను విశ్లేషించి 2012లో ప్రచురించారు. వాళ్ళ నమూనాలో అన్నిటికన్నా ఎక్కువగా కార్వక్రోల్ 38.2 శాతం, తర్వాత కార్వోన్ 9 శాతం, నాఫ్తలీన్ 8.9 శాతం ఉన్నాయి. కార్వక్రోల్‌కు సూక్ష్మక్రిములను అణిచే గుణం ఉంది. నెటిల్ నూనె యాంటీబాక్టీరియల్, యాంటీఫంగల్ అని రాసేవాళ్ళు చాలావరకు దీన్ని పట్టుకునే రాస్తారు. అయితే ఆ కార్వక్రోల్ మన పెరటి కుండీలో పెరిగే వాము ఆకులో కూడా దండిగా ఉంటుంది. దాని కోసం నెటిల్ దాకా వెళ్ళక్కర్లేదు. ఇక నాఫ్తలీన్ అంటే బీరువాలో బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు. అదే పరిశోధనలో మనిషి రక్తకణాల మీద ఈ నూనెను ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు మోతాదు పెరిగేకొద్దీ క్రోమోజోములకు హాని కనిపించింది. అది గాజు పాత్రలో జరిగిన పరీక్ష, ఒంట్లో కూడా అంతే జరుగుతుందని చెప్పలేం. అయినా ఈ నూనె చుక్కలు నీళ్ళలో వేసుకుని తాగమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి.

మరి నెటిల్‌కు మందు గుణాలు లేవా? ఉన్నాయి. కాకపోతే అవి ఆవిరికి లేచే నూనెలో కన్నా ఆకులో, వేరులో ఉన్నాయి. వయసు పైబడిన మగవాళ్ళకు ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రానికి ఇబ్బంది అయినప్పుడు జర్మనీలో నెటిల్ వేరు సారాన్ని ఎంతో కాలంగా వాడుతున్నారు. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ కూడా సంప్రదాయ వాడకం ఆధారంగా దాన్ని ఆమోదించింది, ముందు డాక్టరు వేరే పెద్ద జబ్బు లేదని తేల్చాలన్న షరతుతో. ఆకును చిన్నపాటి కీళ్ళ నొప్పులకు, మూత్రం సాఫీగా రావడానికి వాడవచ్చని అదే సంస్థ చెప్పింది.

నొప్పులకు సంబంధించి నన్ను ఆశ్చర్యపరిచింది ఇంగ్లండ్‌లో చేసిన ఒక చిన్న పరీక్ష. 2000లో ప్రచురించారు. చేతి బొటనవేలి లేదా చూపుడువేలి మొదట్లో కీళ్ళ అరుగుదలతో బాధపడుతున్న 27 మందికి నెటిల్ ఆకును పచ్చిగా, ముళ్ళతో సహా, నొప్పి ఉన్నచోట వారం రోజులు రోజూ తాకించుకోమన్నారు. పోల్చి చూడటానికి మరో వారం కుట్టని మరో మొక్క ఆకు ఇచ్చారు. నెటిల్ వాడిన వారంలో నొప్పి ఎక్కువ తగ్గింది. రోమన్ల కాలం నుంచీ ఉన్న పద్ధతే అది. ఇక్కడి కొండల్లోనూ నడుము పట్టేసిన పెద్దవాళ్ళు కండాలీ కొమ్మతో కొట్టించుకున్నామని చెబుతారు. ఆకు మీది నూగు ముళ్ళు సన్నని గాజు సూదుల్లా ఉంటాయి. కొన విరిగి చర్మంలోకి హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్, సెరటోనిన్ లాంటి రసాయనాలు దిగుతాయి. పరీక్షలో ఉపశమనం ఇచ్చింది అలా కుట్టే పచ్చి ఆకు. ఎండబెట్టిన ఆకుకు ఆ పోటు ఉండదు. అందువల్ల కాచిన నూనె రాస్తే ఆ పరీక్షలో వచ్చిన ఫలితమే వస్తుందని చెప్పలేం. ఇంట్లో పచ్చి ఆకుతో ప్రయత్నించమని కూడా నేను చెప్పను. ఎవరి ఒళ్ళు ఎలా స్పందిస్తుందో తెలియదు.

ఇంత చెప్పాక నూనె ఎందుకు కాచడం అని అడుగుతారేమో. మర్దన కోసం. నువ్వుల నూనె గోరువెచ్చగా రాసి పది నిమిషాలు మర్దన చేస్తే పట్టేసిన కండరం సడలుతుంది, పొడిబారిన చర్మం మెత్తబడుతుంది. అమ్మకు దానివల్ల రాత్రి నిద్ర బాగా పడుతోంది. నెటిల్ దానికి ఎంత తోడవుతుందో కచ్చితంగా కొలిచి చెప్పలేను. కానీ తొమ్మిది వందలు పోసి కొన్నదానికన్నా ఇది ఏ విధంగానూ తీసిపోదు.

ఆకు తెచ్చుకోవడం, ఆరబెట్టడం

కొండ ప్రాంతంలో ఉన్నవాళ్ళు వసంతంలో, పూత రాకముందు లేత చిగుళ్ళు కోయండి. పూత వచ్చాక ఆకు ముదిరి గరుకెక్కుతుంది. ఇక్కడి ఆడవాళ్ళు పట్టకారుతో పట్టుకుని కొడవలితో కోస్తారు. మందపాటి రబ్బరు గ్లౌజులు వేసుకున్నా సరే. ఒకవేళ కుట్టిందంటే వెంటనే గోకకండి, రుద్దకండి. రుద్దితే ముళ్ళు ఇంకా లోపలికి దిగుతాయి. కాసేపు ఆరనిచ్చి, సెల్లోటేప్ అంటించి పైకి లాగితే విరిగిన ముళ్ళు దానితో వచ్చేస్తాయి. తర్వాత సబ్బునీళ్ళతో కడగండి.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నవాళ్ళు ఎండుటాకే తెప్పించుకోవాలి. ఉత్తరాఖండ్ మహిళా సంఘాలు టీ కోసం అమ్మే ఆకు బాగుంటుంది. ఆకు పచ్చగానే ఉండాలి. గోధుమరంగుకు తిరిగినా, బూజు వాసన వచ్చినా వద్దు.

నేను మొదటిసారి చేసినప్పుడు రెండు రోజులు మాత్రమే నీడలో ఆరబెట్టిన ఆకును నూనెలో వేశాను. పదిహేను రోజులకు సీసా అడుగున మబ్బులాంటి పొర చేరి, పైన తెల్లటి బూజు తేలింది. మొత్తం పారబోయాల్సి వచ్చింది. కింది ఇంటి దీదీ వచ్చి చూసి, ఒక ఆకు తీసి వేళ్ళ మధ్య నలిపి చూపించింది. "ఇలా వంగుతోందంటే ఇంకా నీళ్ళున్నాయి. అప్పడంలా విరగాలి" అంది. అప్పటి నుంచీ అదే నా కొలత. నీడలో, గాలి తగిలే చోట, బట్ట మీద పల్చగా పరిచి ఐదారు రోజులు ఆరబెడతాను. ఈనె కూడా టక్కున విరిగితేనే సిద్ధమైనట్టు.

నూనె కాచడం

తేలిక పద్ధతి ఇది. 50 గ్రాముల ఎండుటాకును చేత్తో నలపండి. మరీ మెత్తటి పొడి చేస్తే తర్వాత వడకట్టడం కష్టం. అర లీటరు గానుగ నువ్వుల నూనెలో కలిపి ఒక స్టీలు గిన్నెలో పోయండి. ఆ గిన్నెను నీళ్ళున్న వెడల్పాటి పాత్రలో పెట్టి, సన్నటి సెగ మీద రెండు మూడు గంటలు వేడి చేయండి. కింది నీళ్ళు మరగకూడదు, చిన్నగా ఆవిరి లేస్తుంటే చాలు. ఒక్క చుక్క నీరు కూడా నూనెలో పడకుండా మూత మీద చేరిన చెమ్మను తుడుస్తూ ఉండండి. నూనె పచ్చగా మారి, ఎండుగడ్డి వాసన వస్తుంది. దింపి, చల్లారాక శుభ్రమైన పల్చటి నూలు బట్టలో పోసి పిండండి. రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నూనెను మాత్రమే సీసాలోకి వంచండి. అడుగున మిగిలిన మడ్డి వద్దు.

ఓపిక ఉన్నవాళ్ళకు మన ఆయుర్వేద తైలపాక పద్ధతి ఉంది. నాకు ఇదే ఇష్టం. ఆకులో నీటికి దిగేవి కొన్ని, నూనెకు దిగేవి కొన్ని ఉంటాయి. ఈ పద్ధతిలో రెండూ కలుస్తాయి. ముద్ద ఒక వంతు, నూనె నాలుగు వంతులు, కషాయం పదహారు వంతులు అన్నది శాస్త్రం చెప్పిన లెక్క. నేను 100 గ్రాముల ఎండుటాకును నాలుగు లీటర్ల నీళ్ళలో వేసి లీటరు మిగిలే దాకా మరిగించి వడకడతాను. మరో 60 గ్రాముల ఆకును కొద్ది నీళ్ళతో ముద్దగా నూరుకుంటాను. మందపాటి, లోతైన పాత్రలో పావు లీటరు నువ్వుల నూనె, ఆ ముద్ద, లీటరు కషాయం కలిపి సన్నసెగ మీద పెడతాను. ఇక్కడి నుంచి స్టవ్ దగ్గరే ఉండాలి. అడుగంటకుండా గరిటెతో తిప్పుతూ ఉండాలి.

మొదట్లో గిన్నెలో అంతా కషాయం పొంగులాగే ఉంటుంది. నీళ్ళు తగ్గేకొద్దీ చిటపటలు మొదలవుతాయి. అప్పుడు సెగ ఇంకా తగ్గించండి. ముద్దలోంచి చిటికెడు తీసి, కాస్త చల్లారాక రెండు వేళ్ళ మధ్య నలపండి. వేళ్ళకు అంటుకుంటే ఇంకా పచ్చి. దీపం వత్తిలా చుట్టుకుంటే దగ్గర పడినట్టు. ఆ వత్తిని మంట మీద పట్టుకుంటే చిటచిటమని శబ్దం రాకూడదు. వస్తే నీరు మిగిలి ఉందని అర్థం. తైలం సిద్ధమయ్యే వేళ పైన నురుగు కడుతుంది. నెయ్యికి దీనికి పూర్తిగా వ్యతిరేకం, అక్కడ నురుగు అణుగుతుంది. నురుగు చూసి వెంటనే దింపేయండి. ఇంకా ఉంచితే ముద్ద మాడి నూనెకు మాడు వాసన పట్టేస్తుంది. వేడిగా ఉండగానే బట్టలో వడకట్టండి. పిల్లల్ని అటు రానివ్వకండి.

ఏ పద్ధతిలో చేసినా, ముదురు రంగు గాజు సీసాను పూర్తిగా ఆరబెట్టి అందులో పోయండి. చేసిన తేదీ రాసి అంటించండి. ఎండ తగలని చోట ఆరు నెలల దాకా ఉంటుంది. పాత పకోడీల నూనెలా కమురు కంపు కొడితే పారబోయండి.

రాసుకునేటప్పుడు

మొదటిసారి మోచేతి లోపలి వైపు రెండు చుక్కలు రాసి 24 గంటలు చూడండి. ఎర్రబడితే, దురద వస్తే ఈ నూనె మీకు వద్దు. ఏమీ కాకపోతే పడుకునే ముందు గోరువెచ్చగా చేసి మోకాలి చుట్టూ, పిక్కల మీద పది నిమిషాలు రాయండి. చిప్ప మీద గట్టిగా నొక్కకండి. పుండ్లు, కోతలు ఉన్నచోట రాయొద్దు. కీలు వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే నూనెల జోలికి పోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

తలకు వాడేవాళ్ళు కుదుళ్ళకు రాసి గంట తర్వాత కుంకుడుకాయతోనో షాంపూతోనో కడిగేయండి. తల పొడిబారి పొట్టు రాలడం తగ్గొచ్చు. ఊడిన జుట్టు ఈ నూనెతో మళ్ళీ మొలుస్తుందన్న మాటకు మనుషుల మీద చేసిన నమ్మదగిన రుజువు నాకెక్కడా కనబడలేదు. థైరాయిడ్, ఐరన్ తక్కువవడం లాంటివి లోపల ఉండగా పైన ఎన్ని నూనెలు రాసినా జుట్టు ఆగదు. రక్తపరీక్ష చేయించుకోండి.

లోపలికి కావాలంటే ఆకే తినండి

ఆకులోని ఇనుము, కాల్షియం లాంటివి నూనెలోకి దిగవు. అవి కావాలంటే ఆకు తినాలి లేదా టీ తాగాలి. రెండు గ్రాముల ఎండుటాకు, అంటే సుమారు రెండు చెంచాలు, కప్పు వేడినీళ్ళలో పది నిమిషాలు మూతపెట్టి వడకట్టుకోండి. రోజుకు ఒకటి రెండు కప్పులు చాలు.

ఇక్కడి కండాలీ కూర రుచి వేరు. లేత ఆకుల్ని మరిగే నీళ్ళలో వేస్తే రెండు మూడు నిమిషాల్లో పోటు చచ్చిపోతుంది. మెత్తగా నూరి, ఆవనూనెలో జఖ్యా గింజలు చిటపటలాడించి తాలింపు పెడతారు. ఆ జఖ్యా ఏదో కాదు, మన చేలల్లో పసుపు పూలు పూసే కుక్కవామింటే. కొత్తలో అది తెలిసి నాకు ఊరు గుర్తొచ్చింది. ఊదల అన్నంలో ఆ కూర కలుపుకుని తింటుంటే మన గోంగూర పప్పు లేని లోటు కాస్త తీరుతుంది.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసెనోకొమరాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు నెటిల్ ఆకు, టీ డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి. ఆకులో విటమిన్ కె ఎక్కువ, మందు పనితీరు మారిపోతుంది. బీపీకి, షుగరుకు మందులు వాడేవాళ్ళు కూడా చెప్పి తీసుకోవాలి, ఆ రెండూ ఇంకాస్త పడిపోయే అవకాశం ఉంది. గుండె, కిడ్నీ జబ్బుతో కాళ్ళకు నీరు పట్టినవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 12 ఏళ్ళలోపు పిల్లలు లోపలికి తీసుకోకూడదు. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న నాన్నగారికో తాతగారికో వేరు క్యాప్సూల్స్ కొనిద్దామనుకుంటే ముందు యూరాలజిస్టుకు చూపించండి. మూత్రంలో రక్తం, జ్వరం, మూత్రం పూర్తిగా ఆగిపోవడం ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

అమ్మకు పంపే సీసా మీద ఇప్పుడు నేను రెండు మాటలు రాసి పంపుతున్నాను: పైపూతకు మాత్రమే, చేసిన తేదీ. మీరు ఎవరికైనా ఇచ్చినా అలా రాసి ఇవ్వండి. వంటింట్లో నువ్వుల నూనె సీసా పక్కన పెడితే రంగు చూడకుండా తాలింపులో పోసేసే ప్రమాదం ఉంది, కాబట్టి మందుల అలమారలోనే పెట్టమని చెప్పండి.